వరూధినికి అయిదు మార్కులు

తెలుగు సాహిత్యానికి గైడులు రాసే మహానుభావులకు బళ్లారి నుంచి నమస్కారాలు. మీరు చేసిన మేలు ఇంతా అంతా కాదు. అల్లసాని పెద్దన ఆరు ఆశ్వాసాల పాటు కష్టపడ్డ పనిని మీరు పావు పేజీలో తేల్చేశారు. ఇతివృత్తం: ధర్మనిష్ఠ. పాత్రలు: ప్రవరుడు, వరూధిని. నేపథ్యం: హిమాలయాలు. నీతి: పరస్త్రీని తల్లిగా భావించవలెను. వెరసి అయిదు మార్కులు. పిల్లవాడు దీన్ని రాత్రికి బట్టీ పట్టి, పొద్దున కక్కి, మధ్యాహ్నానికి మరిచిపోతాడు. ఇంతకంటే ఆరోగ్యకరమైన విద్య ఇంకొకటి ఉందా!

ఒక్క చిన్న సందేహం. ఆ కావ్యం పేరు మనుచరిత్ర. మీ పావు పేజీలో మనువు ఎక్కడ?

ప్రవరుడు కాళ్లకు పూసుకున్న పసరు మంచుకు కరిగింది, వరూధిని వెంటపడింది, ఆయన అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. అక్కడితో మీ కథ కంచికి పోయింది. పెద్దన కథ పోలేదు. వరూధిని అంతకుముందే కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి వేషం కట్టుకుని దిగుతాడు. ఆమె నమ్ముతుంది. వాళ్లకు స్వరోచి పుడతాడు, ఆ స్వరోచి కొడుకే స్వారోచిష మనువు. అంటే కావ్యానికి పేరిచ్చిన మహానుభావుడి వంశానికి మూలం ప్రవరుడి నిష్ఠ కాదు, ఒక దొంగవేషం. ఇంత పెద్ద కొంటెపని చేసి పెట్టి పోయాడు పెద్దన! ఎందుకు చేశాడని అడిగితే తరగతిలో పిల్లలు రెండు రోజులు పోట్లాడుకుంటారు. మీరు అడగనివ్వలేదు. పైగా వరూధిని పేరు కింద 'చంచల స్వభావురాలు' అని గీత గీసి మరీ రాయించారు. ఒక్కడినే కోరి, వాడి రూపాన్నే నమ్మి మోసపోయినదానిది చాంచల్యమైతే, వేషం మార్చి వచ్చినవాడిది ఏ స్వభావమో! పేజీలో చోటు చాలలేదు కాబోలు.

నేపథ్యం సంగతి చూద్దాం. హిమాలయాలు, నిజమే. కానీ ఆ మంచుకొండలను పెద్దన వినిపించింది రాయల సభకు, తుంగభద్ర ఒడ్డున, హంపిలో. మే నెల మిట్టమధ్యాహ్నం హంపి బండ మీద ఒకసారి కూర్చుని లేవండి, ఆ సభకు మంచు వర్ణన ఎంత చల్లగా తగిలి ఉంటుందో మీకే తెలుస్తుంది. అన్నట్టు హంపి ఇప్పుడు బళ్లారి జిల్లాలో లేదు, 2021లో కొత్తగా ఏర్పడ్డ విజయనగర జిల్లాకు పోయింది. వచ్చే ముద్రణలో దిద్దుకోండి. అదొక మార్కు.

మీ దగ్గర ముద్రలు కూడా నాలుగే ఉన్నట్టున్నాయి. హరిశ్చంద్రుడికి 'సత్యసంధత' అని గుద్దారు. అదే ముద్ర తీసి ఆముక్తమాల్యదలోని మాలదాసరికీ గుద్దారు. మాట తప్పకుండా బ్రహ్మరాక్షసుడి దగ్గరికి తిరిగొచ్చాడు కాబట్టి సత్యసంధుడే, కాదనను. కానీ అక్కడ జరిగింది ఏమిటి? అంటరానివాడని ఊరు బయట పెట్టిన మనిషి, దేవుడి ముందు పాడిన పాట ఫలాన్ని ధారపోస్తే, ఒకప్పుడు బ్రాహ్మణుడైన రాక్షసుడికి విముక్తి దొరికింది. ఈ మాట అన్నది వీధి చివర మైకు పట్టుకున్నవాడు కాదు, సింహాసనం మీద కూర్చున్న కృష్ణదేవరాయలు. అయిదు వందల ఏళ్ల కిందట చక్రవర్తి వెనకాడకుండా రాసినదాన్ని చెప్పడానికి, ఇవాళ రూపాయి పన్ను కూడా వసూలు చేయని గైడు రచయితకు భయం.

పాత్రను నిలదీయడం ఎలాగో మా ఊరి వకీళ్లను చూసి నేర్చుకోవాల్సింది. వకీళ్లనే అంటున్నాను. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ, ముగ్గురూ నల్లకోటు వేసుకున్నవాళ్లే. పగలు కోర్టులో సాక్షులను, రాత్రి రంగం మీద పాత్రలను అడ్డుప్రశ్నలు వేసి ఊపిరాడనివ్వలేదు. ధర్మవరం వారి సరసవినోదినీ సభ, కోలాచలం వారి సుమనోరమ సభ, ఒకే ఊళ్లో రెండు నాటక సమాజాలు పోటీ పడిన రోజులవి. నాటకం మంగళాంతంగా ముగియాలని శాస్త్రం చెబుతుంటే, ధర్మవరం వారు 'విషాద సారంగధర'ను పేరులో చెప్పినట్టు విషాదంగానే ముగించారు. కాళ్లూ చేతులూ తెగిన కొడుకు, నరికించిన తండ్రి, కారణమైన చిత్రాంగి: ఏ సిద్ధుడో వచ్చి అన్నీ అతికించి పోతే జనం హాయిగా ఇంటికి పోతారు. ఆయన పోనివ్వలేదు. మీరైతే దాని కింద 'నీతి: తొందరపాటు తగదు' అని రాసి పోనిచ్చేవారు.

కోలాచలం వారి 'రామరాజు చరిత్ర'కు నేపథ్యం 1565 నాటి యుద్ధం, విజయనగర పతనం. ఆ శిథిలాలు బళ్లారికి 60 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అందులో రాఘవకు పేరు తెచ్చిన వేషం నాటకానికి పేరిచ్చిన రాజుది కాదు, పఠాన్ రుస్తుంది. బళ్లారి జనం ఆ పఠానును గుండెల్లో పెట్టుకున్నారు. దీన్ని మీ గడుల్లో ఎక్కడ ఇరికిస్తారు? 'ఇతివృత్తం: దేశభక్తి' అంటారా? మేనమామ ధర్మవరం వారు నాటకంలోకి పద్యాలూ పాటలూ దండిగా తెస్తే, మేనల్లుడు రాఘవ ఆ రాగాల జోరు తగ్గించి మాటకూ ముఖానికీ ప్రాణం పోశాడు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. పాత్ర విశ్లేషణ అంటే అది, ఒళ్లంతా చెమట పడుతుంది.

ఇంత ఆస్తి ఉన్న ఊరికి దక్కిందేమిటి? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. సరిహద్దు గీత పొలాల మధ్యే కాదు, పాఠ్యపుస్తకాల మధ్య కూడా పడింది. అటువాళ్లకు ధర్మవరం వారు 'ఆంధ్ర నాటక పితామహుడెవరు?' అన్న బిట్టు ప్రశ్నకు జవాబు, అంతకుమించి అక్కర్లేదు. ఇటువాళ్లకు రాఘవ ఒక కళామందిరం పేరు, పెళ్లిపత్రికల్లో గుర్తు చెప్పడానికి పనికొస్తుంది. తపాలా శాఖ 1981లో ఆయన మీద బిళ్ల వేసింది, దానికీ ముద్ర పడక తప్పలేదు.

'మార్కులు రావాల గదప్పా' అంటారు అయ్యవార్లు. పిల్లల్ని నేను తప్పుపట్టను. గీత గీసిన మాట కనబడితే తప్ప కలం కదపని దిద్దేవాళ్లు ఉన్నంత కాలం వాళ్లు చేసేది న్యాయమే. కాబట్టి నా మనవి ప్రశ్నపత్రాలు తయారు చేసేవారికి. వచ్చే ఏడు ఒక్క ప్రశ్న ఇవ్వండి: 'మాయాప్రవరుడి మీద వరూధిని తరఫున అభియోగపత్రం దాఖలు చేయుము.' జవాబు ఏ గైడులోనూ ఉండదు, పిల్లలు కావ్యం తెరవక తప్పదు. పేపర్లు దిద్దేముందు మీరు కూడా ఆ ఆరు ఆశ్వాసాలూ చదవాల్సి వస్తుంది, అదొక్కటే ఇబ్బంది.