సున్నా పన్ను కట్టడమంటే మాటలా!

భీమవరం నుంచి రొయ్యలు వెళ్తాయి. గుంటూరు నుంచి మిరపకాయలు, చీమకుర్తి నుంచి నల్లరాయి వెళ్తాయి. మా వీధి చివర డాబా మీది గదిలోంచి లోగోలూ, వెబ్‌సైట్లూ వెళ్తాయి. ఆ గదిలో లుంగీ కట్టుకుని రాత్రి రెండింటికి లాప్‌టాప్ ముందు కూర్చునే కుర్రాడు, అమెరికాలో ఎవరిదో బేకరీకి వెబ్‌సైటు కట్టి పంపిస్తే చట్టం దృష్టిలో అతను ఎగుమతిదారు. వాళ్ళమ్మ దృష్టిలో ఇంకా ఉద్యోగం రానివాడు. పెళ్ళిళ్ళ పేరయ్య ఎటూ తేల్చుకోలేక "సాఫ్ట్‌వేరేనండీ, కాకపోతే కంపెనీ లేదు" అని నాలుగిళ్ళల్లో చెప్పి చూస్తున్నాడట.

సర్కారు మాత్రం ఇలాంటివాళ్ళ మీద ప్రేమ కురిపించింది. వెటకారం కాదు, నిజంగానే. ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షన్ ఒకటుంది. కొన్ని వృత్తులవాళ్ళకి ఏడాది రాబడి 50 లక్షల లోపుంటే, నగదుగా వచ్చింది అందులో 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా ఉన్నా సరే, సగమే ఆదాయమని చూపించుకోవచ్చు. మిగతా సగం ఖర్చయిపోయిందని సర్కారే ఒప్పేసుకుంటుంది. బిల్లులడగదు. కన్నతండ్రి కూడా కొడుకు ఖర్చుల్ని అంత సులువుగా నమ్మడు.

2025-26 లెక్కే చూడండి. కుర్రాడికి 24 లక్షలు వచ్చాయనుకుందాం. సగం 12 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు పోగా కట్టాల్సింది సున్నా. అదే 24 లక్షలు మాదాపూర్‌లో జీతంగా తీసుకునే వాళ్ళ మేనత్త కొడుకు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేసినా, సెస్సుతో కలిపి 2,92,500 రూపాయలు కడతాడు. కడుతూ, పండక్కి వచ్చినప్పుడల్లా "వీడికో ఉద్యోగం చూడాలి అత్తయ్యా" అని జాలిపడతాడు.

అయితే ఏ వృత్తి అన్న దగ్గరే తిరకాసు. జాబితాలో ఐటీ ఉంది, ఇంజనీరింగ్ ఉంది, వైద్యం, వకీలు పని ఉన్నాయి. సినిమావాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో పాటలు రాసేవాళ్ళు, కథలు రాసేవాళ్ళు, మాటలు రాసేవాళ్ళు కూడా లెక్కే. కాబట్టి "నరికితే మూడు ఊళ్ళ అవతల పడతావ్" అని రాస్తే మీరు నిస్సందేహంగా వృత్తి నిపుణులు. టెక్సాస్‌లో పళ్ళ డాక్టరు వెబ్‌సైటుకి "రోజుకి రెండుసార్లు తోముకోండి" అని రాస్తేనో? ఆడిటర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఇది వృత్తా, వ్యాపారమా అని ఆయన ఆలోచిస్తుండగానే 2026 ఏప్రిల్ 1 వచ్చి 1961 నాటి చట్టాన్ని ఇంటికి పంపించింది. 819 సెక్షన్లు 536 అయ్యాయి. ఇన్నాళ్ళకి నోరు తిరిగిన 44ఏడీఏ కాస్తా వెళ్ళి 58వ సెక్షన్‌లో కాపురం పెట్టింది.

ఆదాయపు పన్ను సున్నా అని సంబరపడేలోగా గుమ్మంలో జీఎస్టీ నిలబడి ఉంటుంది. సేవలు అమ్ముకునేవాళ్ళ రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. "నా సరుకంతా విదేశాలకే పోతుంది, ఎగుమతికి పన్ను లేదు కదా" అంటే కుదరదు. ఆ 20 లక్షల్లో ఎగుమతులూ కలుస్తాయి. రేటు మాత్రం సున్నాయే. కట్టాల్సిందీ సున్నాయే. కానీ పద్ధతిగా కట్టాలి. ఆ సున్నా రాసిన 3బీ రిటర్ను ఆలస్యమైతే రోజుకి 20 రూపాయల రుసుము.

పద్ధతి అంటే ఎల్‌యూటీ, ఆర్‌ఎఫ్‌డీ-11 అనే ఫారంలో ఇచ్చే హామీపత్రం. రూల్సులో అచ్చయిన ఆ పత్రం ఎవరి పేరున మొదలవుతుందో తెలుసా? సాక్షాత్తూ భారత రాష్ట్రపతి పేరున. బేకరీ వెబ్‌సైటు కట్టిన కుర్రాడు రాష్ట్రపతికి మాటివ్వాలి: గడువులోగా ఎగుమతి చేస్తాను, చట్టానికి లోబడి ఉంటాను, చెయ్యలేకపోతే పన్నూ, దాని మీద 18 శాతం వడ్డీ కట్టుకుంటాను. ఉత్తిమాట చెల్లదు కాబట్టి ఇద్దరు సాక్షులు కావాలి, పేరు, వృత్తి, చిరునామాలతో సహా. మావాడు కింద వాటాలో ఉండే రిటైర్డ్ మాస్టారిని అడిగాడు.

"సాక్షి సంతకమా? అమ్మాయి ఎవర్రా? మీ అమ్మకి తెలుసా?"

"పెళ్ళి కాదు మాస్టారూ, వెబ్‌సైటు."

"వెబ్‌సైటుకి సాక్షులెందుకురా?"

దీనికి మావాడి దగ్గర జవాబు లేదు. మన ఆర్థిక మంత్రిత్వ శాఖ దగ్గరైనా ఉందో లేదో. పైగా ఆ మాటకి ఆయుష్షు ఒక ఆర్థిక సంవత్సరమే. మార్చి 31తో రాష్ట్రపతికీ మావాడికీ ఉన్న బంధం తెగిపోతుంది. మళ్ళీ హామీ, మళ్ళీ మాస్టారు. హామీ లేకుండా ఎగుమతి చేస్తే 18 శాతం ఐజీఎస్టీ ముందు చేతి నుంచి కట్టి, తర్వాత వాపసు కోసం తిరగాలి.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన రూలు 96ఏ. ఇన్‌వాయిస్ ఇచ్చాక ఏడాదిలోగా విదేశీ డబ్బు చేతికి రాకపోతే, పైన పదిహేను రోజులు చూసి, ఆ పన్నూ వడ్డీ మనల్నే కట్టమంటుంది. విదేశీ మారకం చట్టం ఇంకా గడువిస్తే అప్పటిదాకా ఆగుతారనుకోండి, ఆ మర్యాద ఉంది. ఆ తర్వాత మాత్రం, బేకరీ ఆయన ఎగ్గొట్టి హాయిగా కేకులమ్ముకుంటుంటే, ఇక్కడ డబ్బు పోగొట్టుకున్నవాడు ఆ రాని డబ్బు మీద పన్ను కట్టాలి. రాష్ట్రపతికి మాటిచ్చింది బేకరీ ఆయన కాదు కదా మరి.

ఒకవేళ డబ్బు వచ్చిందే అనుకుందాం. వచ్చిందని మనం చెబితే సరిపోదు, బ్యాంకు చెప్పాలి. బయటి నుంచి వచ్చే ప్రతి డాలరుకీ ఒక పర్పస్ కోడ్ ఉంటుంది. ప్రవాసులు కుటుంబ పోషణకి పంపితే పీ1301. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ అయితే పీ0802. మన జిల్లాల్లో డాలరు అంటే డల్లాస్ నుంచి కొడుకు పంపించేది అని బ్యాంకులకి పాతికేళ్ళ అలవాటు. కౌంటరులో ఆఫీసరు గారు తలెత్తకుండానే అడిగారట.

"అన్నయ్య ఎక్కడ బాబూ, న్యూజెర్సీనా?"

"నాకు అన్నయ్య లేడు సార్. పనిచేశాను, డబ్బొచ్చింది."

"అమెరికాలో పనా? వీసా ఉందా?"

"ఇక్కడే చేశాను సార్. మా డాబా మీద."

ఆఫీసరు గారు అప్పుడు తలెత్తి చూశారు. అనుమానంగా. లేని అన్నయ్య పంపినట్టు 1301 పడిందంటే మూడు నెలల కష్టం ఇంటి ఖర్చుల డబ్బయి కూర్చుంటుంది. రేపు జీఎస్టీ ఆఫీసులో ఎగుమతికి రుజువేదీ అంటే, అన్నయ్య లేడని రుజువు చేసుకోవాలి. అదేదో ఎఫ్‌ఐఆర్‌సీ అనే కాగితం తెచ్చుకోరా అని ఆడిటర్ ఫోనులో చెబుతుంటే, వాళ్ళమ్మకి మొదటి మూడు అక్షరాలే వినపడి దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది.

ఆ డాలరు రేటు కూడా ఒకటి కాదు. గూగుల్లో కనపడేది ఒకటి, బ్యాంకు చేతిలో పెట్టేది ఒకటి, ఆదాయపు పన్ను రూల్సు వాడమనే స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటు ఇంకొకటి. మొదటిది స్నేహితులకి చెప్పుకోవడానికి.

అమెరికా వాళ్ళ కాగితం కూడా ఒకటుంది లెండి, డబ్ల్యూ-8బెన్. నేను అమెరికన్‌ని కాను అని దాని మీద సంతకం పెట్టాలి, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ఒప్పుకుంటూ. చిలుకూరు బాలాజీ చుట్టూ వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసే ఊళ్ళలో పుట్టి, మేం అమెరికన్లం కామని ప్రమాణం చెయ్యడం ఎంత బాధో వాళ్ళకేం తెలుస్తుంది! అయినా ఈ మాత్రం సంతకంతో, పని ఇండియాలో చేశావు కాబట్టి మాకు పన్నక్కర్లేదని వాళ్ళు వదిలేస్తారు. సాక్షుల్నడగరు. మాస్టారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇంత చెప్పి లాభాల గురించి చెప్పకపోతే సర్కారు నొచ్చుకుంటుంది. ఎగుమతిదారు తన పనికోసం కొన్న వాటి మీద కట్టిన జీఎస్టీ వాపసు ఇస్తారు. లాప్‌టాప్ మీద కట్టింది అనుకునేరు. లెక్కల్లో ఆస్తిగా రాసుకున్న సామాను ఈ వాపసు సూత్రంలోకి రాదు. నెట్ బిల్లు వస్తుంది. వెయ్యి రూపాయల బిల్లు మీద 180. వాపసు వెయ్యి లోపుంటే ఇవ్వరు కాబట్టి కొన్ని నెలలు పోగేసుకుని, రెండేళ్ళ గడువు దాటకుండా, బ్యాంకు కాగితాలు జతచేసి ఆర్‌ఎఫ్‌డీ-01 వెయ్యాలి. అది వేసిపెట్టినందుకు ఆడిటర్ గారు ఫీజు తీసుకుంటారు. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కంగారు పడకండి, అదీ వాపసు వస్తుంది. ఇంకో దరఖాస్తు పెట్టుకోవాలి, అంతే.