ఒక మెసేజికి టీకా తాత్పర్యం

మూలం: “సర్వర్లు కావాలి. టెర్రాఫామా, ఆన్సిబులా? సాయంత్రంలోగా తేల్చండి.”

అవతారిక: మాదాపూర్‌లో ఒకానొక మేనేజరు టీమ్ గ్రూపులో ఉదయం పదకొండింటికి సెలవిచ్చిన వాక్యమిది.

ప్రతిపదార్థం: సర్వర్లు = ఎన్నో చెప్పని యంత్రములు; కావాలి = నిన్ననే కావలసియుండెను; టెర్రాఫామా = లేని యంత్రమును పుట్టించునదా; ఆన్సిబులా = పుట్టినదానికి నీళ్లుపోసి బట్టలు తొడుగునదా; సాయంత్రంలోగా = క్యాబు వచ్చులోగా; తేల్చండి = తేలనిచో తప్పు మీది.

టీక: చిక్కంతా ఆ రెండు దీర్ఘాల్లో ఉంది. కాఫీయా, టీయా అని అడగొచ్చు. మేస్త్రీయా, సున్నం వేసేవాడా అని అడిగితే ఇల్లు లేవదు. 2014లో హాషికార్ప్ తెచ్చిన టెర్రాఫామ్ క్లౌడులో యంత్రాన్ని, డిస్కును, నెట్‌వర్కును నిలబెడుతుంది. 2012లో మైకేల్ డిహాన్ విడుదల చేసిన ఆన్సిబుల్, ఎస్ఎస్‌హెచ్ దారిన ఆ యంత్రంలోకి వెళ్లి ఎన్‌జిన్‌ఎక్స్ పెడుతుంది, యూజర్లను చేరుస్తుంది. పెద్దలైన పపెట్ (2005), షెఫ్ (2009) మామూలుగా లోపల ఏజెంటును కూర్చోబెట్టందే పని మొదలెట్టవు.

పూర్వపక్షం: ఆన్సిబుల్ మాడ్యూళ్లతోనూ అమెజాన్‌లో సర్వరు లేపవచ్చు గదా? టెర్రాఫామ్ ప్రొవిజనరుతోనూ స్క్రిప్టు నడపవచ్చు గదా?

నడపవచ్చు. కానీ ప్రొవిజనర్లను గత్యంతరం లేనప్పుడే వాడమని హాషికార్ప్ డాక్యుమెంటేషనే అంటుంది. ఇక ఆన్సిబుల్‌కు చిట్టా రాసే అలవాటు లేదు. ప్లేబుక్‌లోంచి ఎన్‌జిన్‌ఎక్స్ టాస్కు కొట్టేసి మళ్లీ నడపండి, సర్వరులో ఎన్‌జిన్‌ఎక్స్ చెక్కుచెదరదు. పోవాలంటే ‘స్టేట్: యాబ్సెంట్’ అని నోరు తెరిచి చెప్పాలి. టెర్రాఫామ్ అలా కాదు, కరణంగారి బాపతు. అన్నీ స్టేట్ ఫైలుకు ఎక్కిస్తుంది. మనం రాసిన కాన్ఫిగ్ ఫైల్లోంచి ఆ సర్వరు తాలూకు నాలుగు లైన్లు తీసేస్తే, ప్లాన్ కొట్టగానే ‘1 టు డెస్ట్రాయ్’ అని చూపిస్తుంది. ఏఎంఐ నంబరు మార్చినా అంతే: పాత సర్వరును కూల్చి కొత్తది కడతానంటుంది. ఆ వరుస చదవకుండా ‘యెస్’ కొట్టినవారి కథలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి.

అలంకారం: కావ్యంలో పునరుక్తి దోషం, ఇక్కడ గుణం. ఒకే ప్లేబుక్ రెండోసారి నడిపితే చివర ‘చేంజ్‌డ్=0’ అని రావాలి. షెల్ మాడ్యూలుతో కానిచ్చేసిన చోట మాత్రం ప్రతిసారీ ఏదో మారినట్టే చెబుతుంది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘టెర్రాఫామా’కు బదులు ‘ఓపెన్‌టోఫునా’ అని కనబడుతుంది. 2023 ఆగస్టులో హాషికార్ప్ లైసెన్సు బిగించినప్పుడు చీలిన శాఖ అది. పోషణ లైనక్స్ ఫౌండేషన్‌ది.

తాత్పర్యం: మొదటిది సర్వరు లేపి ఐపీ అడ్రసు రెండోదానికి అందించాలి. పోనీ, కంపెనీల పోటీ చూసి ఒకదాన్ని ఎంచుకుందామన్నా కుదరదు. 2015లో ఆన్సిబుల్‌ను రెడ్‌హ్యాట్ కొన్నది, 2019లో రెడ్‌హ్యాట్‌ను ఐబీఎం కొన్నది, 2025 ఫిబ్రవరిలో హాషికార్ప్ కూడా ఐబీఎం ఇంటికే వచ్చింది.

సాయంత్రం గ్రూపులో “రెండూ” అని జవాబు పడింది. “అయితే ముందు ఏది?” అని మేనేజరు అడిగారు. అప్పటికి క్యాబు వచ్చేసింది.