నేను మార్చి 12 నాటి ఎర్ర క్యాండిల్‌ని

బిట్‌కాయిన్ డైలీ చార్టులో 2020 మార్చి 12 దగ్గర నిలబడి ఉన్నదాన్ని నేనే. గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి, మీ హైదరాబాదులో తెల్లవారుజాము ఐదున్నర అయినప్పుడు పుట్టాను. మర్నాడు అదే వేళకు ముగిశాను. మొదటి ధర, చివరి ధర, ఆ రోజు తాకిన గరిష్ఠం, కనిష్ఠం: ఈ నాలుగు అంకెలతోనే నా ఒళ్లంతా తయారైంది. పుట్టినప్పుడు దాదాపు 7,900 డాలర్లు, ముగిసేసరికి 5,000కి దిగువన. అందుకే నాకీ ఎరుపు.

మా వంశం జపాన్ బియ్యం బజారుది. 18వ శతాబ్దంలో సకాతా ఊరి వర్తకుడు హొమ్మా మునెహిసా మాకు ఆద్యుడంటారు. ఆ బజారు రాత్రయితే మూసేవారు. నాకు రాత్రి లేదు, ఆదివారం లేదు. నా రోజునే అమెరికా స్టాక్ మార్కెట్లో సర్క్యూట్ బ్రేకర్ పడి 15 నిమిషాలు వ్యాపారం ఆగింది. నన్ను అలా ఆపే ఏర్పాటు లేదు.

నేను పుట్టకముందు చార్టు ఎంత ఆశగా ఉండేదో చెప్పాలి. ఫిబ్రవరి 18న 50 రోజుల సగటు గీత 200 రోజుల గీతను దాటి పైకి వెళ్లింది. ధర 10,000 డాలర్ల దగ్గర ఉంది. ట్రేడర్లు దీన్ని గోల్డెన్ క్రాస్ అంటారు, ఇక పెరుగుతుందని నమ్ముతారు. మార్చి 4న మీ సుప్రీంకోర్టు రిజర్వ్ బ్యాంకు 2018 నాటి సర్క్యులర్‌ను కొట్టేయడంతో, బ్యాంకుల నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజీలకు డబ్బు వెళ్లే దారి మళ్లీ తెరుచుకుంది. ఆ వారం కొత్తగా అడుగుపెట్టినవాళ్ల కంటికి చార్టులో ఆనిన మంచి శకునం ఆ క్రాసే.

నేను పుట్టిన గంటకు ట్రంప్ టీవీలో కనిపించి, యూరప్ నుంచి ప్రయాణాలు ఆపేస్తున్నామన్నారు. ముందురోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఈ కబురు ఏ చార్టు ప్యాటర్న్‌లోనూ లేదు. మీ సాయంత్రం నాలుగు దాటాక కూలడం మొదలైంది. 20 రెట్ల లెవరేజ్‌తో, అంటే తన డబ్బుకు 20 రెట్ల విలువకు అప్పుతో కొన్నవాడికి ధర 5 శాతం దిగితే పెట్టుబడి మొత్తం పోతుంది. అంతకుముందే ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్ అతని పొజిషన్‌ను తనంతట తానే అమ్మేస్తుంది. ఆ అమ్మకం ధరను ఇంకా దించితే తర్వాతివాడి పొజిషన్ కరుగుతుంది. పేకమేడలా ఒకటి మీద ఒకటి. ధర ఇక్కడ ఆగుతుందని అందరూ నమ్మే సపోర్ట్ గీత కిందే, అంతకు దిగితే అమ్మేయమనే స్టాప్‌లాస్‌ను అందరూ పెట్టుకోవడంతో, గీత తెగగానే అవన్నీ ఒకేసారి పేలాయి. కొనేవాళ్లు లేక, పెట్టుకున్న ధర కంటే చాలా కింద అమ్ముడుపోయాయి. నా పొడవులో చాలా భాగం ఎవరి అభిప్రాయమూ కాదు, బలవంతపు అమ్మకమే.

నా తర్వాతి క్యాండిల్ కొన్ని ఎక్స్ఛేంజీల్లో 4,000 కిందికి దిగింది, మళ్లీ లేచి 5,500 పైన ముగిసింది. దాని కనిష్ఠం ఎక్స్ఛేంజీకో తీరుగా ఉంది కాబట్టి ఏ చార్టు చూశారన్నదాన్నిబట్టి ప్యాటర్నూ మారింది.

మార్చి ఆఖరి వారంలో 50 రోజుల గీత 200 రోజుల గీతను దాటి కిందికి వెళ్లింది. దాన్ని డెత్ క్రాస్ అంటారు. భయపడి అప్పుడు అమ్మినవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. మే నెలలో ధర 10,000ను తాకింది, డిసెంబరులో 20,000 దాటింది. ఆ డెత్ క్రాస్‌ను గీసింది నా పతనమే. సగటు గీత జరిగిపోయినదాన్నే చెబుతుంది, గోల్డెన్ క్రాస్ చెప్పింది కూడా జనవరి పెరుగుదల సంగతే.

చార్టు చదవడం వద్దనను. ఎక్కడ తప్పుకోవాలో, ఎంత డబ్బు పెట్టవచ్చో ముందే తేల్చుకోవడానికి మేం పనికొస్తాం. కానీ క్యాండిల్ ముగియకముందే హ్యామర్ అనీ డోజీ అనీ ప్యాటర్న్ పేరు పెట్టకండి. నేను కూడా మధ్యాహ్నం దాకా మామూలు చిన్న ఎర్ర క్యాండిల్‌నే. 2022 ఏప్రిల్ నుంచి మీ దేశంలో లాభం మీద 30 శాతం పన్ను పడుతోంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు. ప్యాటర్న్ పదిసార్లలో ఆరుసార్లు ఫలించినా, ఈ లెక్క వేశాక చేతిలో ఏం మిగులుతుందో చూసుకోండి.

2024 డిసెంబరులో ధర లక్ష డాలర్లు దాటాక, మామూలు స్కేలులో నేను కంటికి ఆనడం లేదు. లాగ్ స్కేలు పెట్టి 2020 మార్చికి రండి. లెవరేజ్ తీసుకునే ముందు నన్ను గంట క్యాండిళ్లుగా విడదీసి, ఆ ఒక్కరోజులో 5 శాతం చొప్పున ఎన్నిసార్లు పడ్డానో లెక్కపెట్టండి.