వావివరసల్లేని టేబుళ్లు

వెబ్ యాప్‌లు కట్టే రైల్స్‌లో టేబుళ్లకి చుట్టరికం కలపడం చిటికెలో పని. కోర్సుకి ‘హ్యాజ్ మెనీ లెసన్స్’ అని ఒక లైను, లెసన్‌కి ‘బిలాంగ్స్ టు కోర్స్’ అని ఇంకో లైను. తాంబూలాలు లేవు, కట్నాలు లేవు, తల్లీపిల్లలు కలిసిపోయారు. ఆ పిల్లల్లో పెద్దదెవరు, చిన్నదెవరు అని మాత్రం అడక్కండి. అవన్నీ సెకండ్ ఫేజ్‌లో చూసుకుందాం అంటారు.

ఒక స్కూలుకి మేం కట్టిన యాప్ ఫస్ట్ ఫేజ్‌లో పాఠాలు ఎక్కించిన వరసలోనే కనిపించాయి. అదృష్టం అనుకోవాల్సింది పోయి మా ప్రతిభ అనుకున్నాం. టేబుల్లో రికార్డులకి ముందూ వెనకా ఏమీ లేదని రిలేషనల్ మోడల్ ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్ 1970లోనే రాసిపెట్టాడు. ‘ఆర్డర్ బై’ అని నోరు తెరిచి అడగనంతవరకూ డేటాబేస్ ఎవరికీ ఏ వరసా హామీ ఇవ్వదు. ఆ సంగతి చదివే తీరిక ఎవరికుంది, డెమో రేపాయె.

ఒకరోజు ఆ స్కూలు టీచరమ్మ గుణకారం పాఠంలో ఒక అక్షరదోషం దిద్దింది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో దిద్దడమంటే ఉన్నచోట దిద్దడం కాదు. రికార్డుకి కొత్త ప్రతి రాసుకుని పాతది వదిలేస్తుంది. మూడో పాఠం కాస్తా వెళ్లి బంతి చివర కూచుంది.

“గుణకారం రాకుండా పిల్లలకి భాగహారం ఎట్లా చెప్పమంటారు సార్?”

“ఒకసారి బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడండి మేడమ్.”

మా సంస్థ మొత్తానికీ తెలిసిన వైద్యం అదొక్కటే.

చివరికి ‘పొజిషన్’ కాలమ్ పెట్టి ‘యాక్ట్స్ యాజ్ లిస్ట్’ అనే జెమ్ తగిలించాం. ఒకప్పుడది రైల్స్ ఇంట్లోనే ఉండేది, 2007లో 2.0 వచ్చేటప్పుడు వేరుకాపురం పెట్టించారు. దాని నిజాయితీ పేరులోనే ఉంది: లిస్టు కాదు, లిస్టులా నటిస్తుంది.

“డ్రాగ్ అండ్ డ్రాపే కదా, అరగంట పని” అన్నాడు మేనేజరు. 200 పాఠాల్లో చివరిదాన్ని మొదటికి లాగితే తక్కిన 199కీ నంబరు మారాలి. ఎమ్మెల్యేగారొచ్చారని బంతి బంతంతా విస్తళ్లు పట్టుకుని ఒక్కో కుర్చీ జరిగినట్టు! రెండు పాఠాలకి ఒకే నంబరు రాకూడదని యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెడితే, ఒకటిని రెండు చేయబోగానే పోస్ట్‌గ్రెస్ అడ్డుపడింది, రెండు ఇంకా అక్కడే కూచునుందని. ‘డిఫరబుల్’ అని ప్రకటించి వాయిదా వేయిస్తే ట్రాన్సాక్షన్ చివరిదాకా ఓపిక పడుతుంది. ఆ ఓపిక మా సీనియర్‌కి లేదు, కన్‌స్ట్రెయింట్‌నే పీకేశాడు. మర్నాడు ఇద్దరు టీచర్లు ఒకేసారి లాగారు. ఇప్పుడు మూడో పాఠాలు రెండు. ఏది ముందొస్తుందో ఆ పూట డేటాబేస్ ఇష్టం.

అప్పుడొక మేధావి దశాంశాలు తెచ్చాడు. ఒకటికీ రెండుకీ నడుమ 1.5, దాని ముందు 1.25. ఒక్క రికార్డు మారితే చాలు! నిజమే, తెలివైనదే. కానీ అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు సగం, సగంలో సగం అంటూ పోతే 50 పైచిలుకు సార్లకి ఫ్లోట్‌లో గట్టు కూడా మిగలదు. టికెట్ల జాబితా నడిపే జిరావాళ్లయితే అక్షరక్రమంలో పేర్చే లెక్సోర్యాంక్ పెట్టుకున్నారు.

మా మేనేజరు ఈ బగ్ టికెట్‌ని రోజూ కిందికి లాగేది ఆ జిరాలోనే. అక్కడ మాత్రం వరస ఒక్కనాడూ తప్పలేదు.