నాలుగు ముఖాల కళావరు మూడు

నా అసలు పేరు కళావరు మూడు. ఇప్పుడు నన్ను చూసినవాళ్లకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. నా ముఖం మీద ఒక కాగితం, దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి. పైన కనబడేది తలకు తుండుగుడ్డ చుట్టి, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకున్న ముసలాయన. కింద బాల్‌పెన్నుతో రాసింది: 'జలం చూసేవాడు. ఖర్చు 3 చుక్కలు.' ఆ ముసలాయన ఎవరో నాకు తెలీదు. ఆటలో మాత్రం నన్ను ఆయన పేరుతోనే పిలుస్తారు.

పుట్టుక గురించి పెద్దగా చెప్పను. ఫ్యాక్టరీలో అచ్చేసి కోసిన ముక్కలందరిదీ ఒకటే కథ. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. మంచి పేకముక్క ఒంటి కాగితం కాదు, రెండు కాగితాలు, నడుమ నల్లటి బంక. దీపానికి ఎదురు పట్టినా ముఖం వెనక్కి కనబడకూడదని ఆ ఏర్పాటు. గుట్టు దాచడమే మా వృత్తి. పోలీసులొస్తే ఆడినోళ్లతో పాటు మమ్మల్నీ బల్ల మీద పరిచి ఫొటో తీస్తారు. అప్పుడు కూడా నోరు విప్పింది లేదు.

ప్రొద్దుటూరులో పెళ్లిళ్లప్పుడు తెల్లవార్లూ రమ్మీ ఆడే పెద్దమనుషుల చేతుల్లో నా వయసంతా గడిచింది. మూడు అంటే చిన్నచూపు చాలామందికి. రాజు, రాణి వస్తే గుండెకు హత్తుకుంటారు, చివరికి ఓడిపోయి ఆ బొమ్మలకే పదేసి లెక్కన చచ్చీచెడీ కడతారు. నేను మిగిలిపోయినా మూడే పాయింట్లు. రెండుకీ నాలుగుకీ నడుమ నేను పడితేనే కదా సీక్వెన్స్ కుదిరేది! పేక కోసినప్పుడు నా జాతి తగిలి జోకరునయిన రాత్రులు కూడా ఉన్నాయి. ఆ ఒక్క ఆటకు రాజులు, రాణులు నా వెనకే.

పేకాట ఇంగ్లీషోళ్లు తెచ్చిన జబ్బని కొందరంటారు. వాళ్లకు మా తాతల సంగతి తెలీదు. జమ్మలమడుగు దాటి పోతే నొస్సం వస్తుంది. ఆ ఊళ్లో ఒకప్పుడు గంజీఫా ముక్కలు చిత్రించేవాళ్లు. గుండ్రంగా ఉండేవి. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. మత్స్యంతో మొదలై కల్కితో ముగుస్తాయి. అంటే యుగం అంతమయ్యే కథను మా వంశం ఏనాడో చేత పట్టుకుని ఆడింది. పగలు ఆడితే రాముడి ముక్క ఉన్నవాడు మొదలుపెట్టాలి, రాత్రయితే కృష్ణుడి ముక్క ఉన్నవాడు. సగం రంగుల్లో పెద్ద అంకెది పెద్దరికం, మిగతా సగంలో అంతా తిరగబడి చిన్న అంకెది పైచేయి. నాబోటి మూడుకు కూడా బతుకు ఉండేదన్నమాట.

2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' విడుదలయింది. నాగ్ అశ్విన్ తీసిన సినిమా. గంగ ఎండిపోయింది, లోకంలో మిగిలింది కాశీ ఒక్కటే, పైన తలకిందుల పిరమిడ్‌లాంటి కాంప్లెక్స్ ఉన్నదంతా పీల్చేస్తుంటుంది. ముగ్గురు స్నేహితులు అది చూసొచ్చి, ఆ లోకంలో నడిచే పేకాట ఒకటి తయారు చెయ్యాలనుకున్నారు. ఒకడిది ప్రొద్దుటూరు, బంగారం వ్యాపారస్తుల ఇల్లు. ఒకడిది జమ్మలమడుగు వైపు. మూడోవాడు పులివెందుల చీనీ తోటల పిల్లోడు. ప్రొద్దుటూరోడు వాళ్ల తాత బీరువాలోంచి మా రెండు కట్టలు ఎత్తుకొచ్చాడు. తాతనడగలేదు. మమ్మల్నడుగుతాడా?

ఒక కట్టను అదృష్టం కట్టగా ఉంచారు, ముఖాలు ముట్టుకోలేదు. రెండో కట్ట ముఖాల మీద కాగితాలంటించి పాత్రలు చేశారు. నేను రెండో కట్టలో ఉన్నా. అదృష్టమంటే అది.

మొదట నా మీద ఆ సినిమా హీరో భైరవను అంటించారు. మొదటి రోజే గొడవ. బలం పది, బండి ఉచితం, దెబ్బ తగలదు. ఎవరికి వస్తే వాడే గెలుపు. అభిమానంతో చేసే ఆటలన్నిటికీ ఉన్న రోగమే ఇది, ఇష్టమైన హీరోకు అన్నీ పెట్టేస్తారు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' చేసినప్పుడు చాలా ముక్కలకు ఒక ఖర్చు పెట్టాడు. ఎంత బలమైన ముక్క అయితే బల్ల మీదికి దించడానికి అంత ఎక్కువ కట్టాలి. ఆ చిన్న సూత్రం వీళ్ల బుర్రకెక్కేసరికి కొట్టివేతలతో భైరవ ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. పైగా పులివెందులోడు ఇంకో సంగతి కనుక్కొచ్చాడు: ఆట ఆడే పద్ధతి మీద కాపీరైటు ఎవరికీ ఉండదు గానీ సినిమా పాత్రల పేర్లు, రూపాలు తీసినోళ్లవి. ఇంట్లో ఆడుకుంటే పర్వాలేదు, అచ్చేసి అమ్మితే తంటా.

దాంతో నా మీద రెండో కాగితం పడింది. 'ఇసుక దొంగ'. తోలు జాకెట్టు, ముళ్ల చక్రాల బండి. 'మ్యాడ్ మ్యాక్స్' చూసి గీసిందని తెలుస్తూనే ఉంది. ఒళ్లు మండింది. ఎర్ర కొండలు, ఎండిన పెన్న, పొలం పొలానికీ ఉత్తి బోరు గుంతలు కిటికీలోంచి కనబడుతుంటే, నాశనమైన లోకం కోసం ఆస్ట్రేలియా దాకా పోవాల్నా? బ్రహ్మంగారి మఠం ఈ కడప జిల్లాలోనే ఉంది. లోకం ఎట్ల పోతుందో ఇక్కడి పిల్లోళ్లు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటుంటారు.

పులివెందులోడికీ అదే తట్టినట్టుంది. సినిమాలో డబ్బుకు బదులు యూనిట్లు ఉంటే వీళ్ల ఆటలో నీటిచుక్కలు పెట్టాలన్నాడు. ఏ పాత్ర బల్ల మీద ఉన్నా వంతు వంతుకీ నీళ్లు తాగుతుంది. అంకె పెద్దదయితే దాహం పెద్దది. 'ధాత కరువు' ముక్క పడిందంటే రాజులకు కట్టాల్సిన చుక్కలు కట్టలేక చేతులెత్తేస్తారు, చిన్న అంకెలోళ్లు మిగులుతారు. 1876లో వచ్చిన కరువు పేరు అది. నొస్సం తాతల తిరుగుడు లెక్కే మళ్లీ వచ్చింది, వీళ్లకు ఆ తాతల పేరు కూడా తెలీకుండా! బ్రహ్మంగారి 'కాలజ్ఞానం' ముక్క ఉన్నవాడు అదృష్టం కట్టలో పై మూడు ముక్కలు చూసి తనకు నచ్చిన వరసలో పెట్టుకోవచ్చు. మెచ్చుకోవలసిన నియమం.

బోరు దగ్గర ఆట నిజంగా పుట్టింది. చుక్కలు కట్టి, అదృష్టం కట్టలోంచి ఒక ముక్క తిప్పాలి. ఎరుపయితే నీళ్లు, నలుపయితే రాయి అన్నాడు జమ్మలమడుగోడు.

"ఎరుపు సగం, నలుపు సగం. బోరు అంత మంచిదయితే మా నాయనకు అప్పులెందుకు అవుతాయిరా? ఒక్క ఆటీనుకే నీళ్లు పడాల" అన్నాడు పులివెందులోడు.

నాలుగింట ఒకటి. సరేనన్నారు. "మరి జలం చూసేవాడు వస్తే?"

"వానికి డబ్బులిచ్చినా పడే నీళ్లు పెరగవప్పా. ధైర్యం పెరుగుతుంది, అంతే. రాయి పడినా ఇంకో బోరు ఏపిస్తాడు."

అదే నియమమయింది. జలం చూసేవాడు చేతిలో ఉంటే బోరు ఎండినా సగం ఖర్చుకు వెంటనే ఇంకోటి వేసుకోవచ్చు. నా మీద మూడో కాగితం అదే. నాకు అంటించిన ముఖాల్లో నేను ఒప్పుకున్నది ఇదొక్కటే. చాలామంది నా వల్లే మునిగిపోయారు, అయినా నేను చేతికొస్తే సంబరపడేవాళ్లు.

జమ్మలమడుగోడు తెచ్చిన ముక్క 'జలాశయం'. గండికోట జలాశయం 26.85 టీఎంసీలది, దాని కింద ఊళ్లు మునిగాయి. వాడి నియమం రెండు మాటల్లో ఉంది: బల్ల చుట్టూ ఉన్న అందరికీ నీళ్లు, ఒకరి ఊరు పోతుంది. "పోయినోనికి పరిహారం ఎంతరా?" అన్నాడు ప్రొద్దుటూరోడు, వ్యాపారస్తుడి కొడుకు కదా. ఒకడు ఐదు చుక్కలంటే ఒకడు పదంటాడు. పోయినోడి వంతు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదలు. నియమాల పుస్తకంలో ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

ప్రొద్దుటూరోడు బంగారం ముక్క పెట్టాలని పట్టుబట్టాడు. అందరూ చచ్చినాక బంగారంతో ఏం పని? కొనేవాడు బల్ల దగ్గర మిగిలున్నంత వరకే దానికి విలువ అని రాజీ కుదిరింది. తుమ్మలపల్లె యురేనియం పెడదామని కూడా వాడే అన్నాడు. పులివెందులోడు తల ఎత్తకుండా "అదొద్దు, మా తోట ఆ పక్కనే" అన్నాడు. పెట్టలేదు.

ఇక నా గతి చెబుతా. మూడు కాగితాలంటుకున్నాక ఒళ్లు లావయింది. కట్ట కలిపేటప్పుడు వేలు నా దగ్గరే ఆగేది. వెనక బొమ్మ చూడనక్కర్లేదు, మందం తగిలితే చాలు, జలం చూసేవాడు ఎవరి చేతిలో ఉన్నాడో అందరికీ తెలిసిపోయేది. గుట్టు దాచలేని పేకముక్క ఎందుకు? నా తప్పు కాదది, బంక పూసినోళ్లది. నీళ్ల బంక కూడా కాదు, అన్నం మెతుకులు. ఆ వాసనకు చీమలొచ్చి ఒక మూల కొరికాయి. వానాకాలం చెమ్మకు మిగతాది ఉబ్బింది. అట్లుండగా పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులో మందం అట్ట మీద కొత్త కట్ట అచ్చయింది. మూలలు గుండ్రంగా కోసి, మీద లామినేషన్. అందరూ దాని చుట్టూ మూగారు. పాత కట్ట చిత్తుకాగితాల సంచిలోకి పోయింది.

నన్ను అందులోంచి తీసింది ప్రొద్దుటూరోడి అమ్మ. ఏదో అభిమానం అనుకున్నా. గట్టిగా ఉన్నానని తీసిందట. పాలవాడి లెక్క నా వీపు మీద రాసింది. ఆ నెల లెక్క తీరినాక కుట్టుమిషను బల్ల ఊగుతుంటే కోడు కింద తోసింది. నాలుగు పొరల మందం అక్కడికి సరిగ్గా సరిపోయింది. అన్నీ కలిసి పనికొచ్చిన చోటు అదొక్కటే. వాడి చెల్లెలు మిషను తొక్కినప్పుడల్లా నా నడుములు విరుగుతున్నాయి. పైన ఆ ముగ్గురూ ఆడుకుంటుంటే మాటలు వినబడతాయి. "జలం చూసేవాడు వచ్చినాడు రేయ్!" అని అరుస్తారు. పలకబోయి ఊరుకుంటా. పిలిచింది నన్ను కాదు.

కొత్త కట్టలో నా ఖర్చు మూడు నుంచి నాలుగు చుక్కలు చేశారని మొన్న విన్నా. దండగ. నాలుగయితే చీనీ తోట రైతు పాత్ర ఆడేవాడు మొదటి వంతులో నన్ను దించలేడు, వాడి చేతిలో అప్పటికి ఉండేది మూడే. వాడే కొనలేకపోతే నేనెవరి కోసం? ప్రొద్దుటూరోడికి ఆ లెక్క పట్టదు, పులివెందులోడన్నా పట్టుకోవాల్సింది.