కొండకు ఆఫ్ స్విచ్ లేదు

వ్యాయామం మాటెత్తితే చాలు, మనవాళ్ళు సంకల్పం గురించి ఉపన్యాసం మొదలుపెడతారు. పట్టుదల ఉండాలి, క్రమశిక్షణ ఉండాలి, తెల్లారుజామునే లేవాలి అని చెప్పేవాళ్ళకు మన దగ్గర ఎన్నడూ కరువు లేదు, లేచేవాళ్ళకే కరువు. పొట్ట తగ్గించుకోవాలనుకునేవాడికి కావలసింది సంకల్పం కాదనీ, తప్పించుకునే దారి లేకపోవడమనీ నా వాదన. రుజువు కోసం ఏ విశ్వవిద్యాలయానికీ పోనక్కర్లేదు, అలిపిరి దాకా వెళితే చాలు. వీధి చివరి కిరాణా కొట్టుకు కూడా స్కూటరు తీసే మనిషి అక్కడ 3,550 మెట్లెక్కుతాడు. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దగ్గర కూలబడతాడు, నిమ్మసోడా తాగుతాడు, మొక్కుకున్నది తనే అయినా నేరం నీదే అన్నట్టు భార్య వైపు చూస్తాడు, మోకాళ్ళ పర్వతం దగ్గర పేరుకు తగ్గట్టు మోకాళ్ళు పట్టుకుంటాడు, అయినా ఎక్కుతాడు. ఎందుకంటే స్వామి పైనున్నాడు, సగంలో లేడు. అదే మనిషిని జిమ్ములో ట్రెడ్‌మిల్ ఎక్కించండి. పదకొండో నిమిషంలో ఎర్ర బటన్ నొక్కి దిగిపోతాడు. మనిషీ అతనే, మోకాళ్ళూ అవే. కొత్తగా వచ్చి చేరింది ఆ ఎర్ర బటన్ ఒక్కటే.

రోజూ తిరుమల ఎక్కలేం కనుక, ఎర్ర బటన్ లేని మరో ఏర్పాటు చూసుకోవాలి. నాకు తోచినంతలో అది మౌంటెన్ బైకు. చూడ్డానికి ఇది లేమికి ప్రతిరూపం. స్టాండుండదు, క్యారియరుండదు, మడ్‌గార్డులుండవు, చైన్ కవరుండదు, చాలావాటికి బెల్లు కూడా ఉండదు. పల్లెలో పెద్దాయనెవరైనా చూస్తే, పాపం రాత్రిపూట ఎవరో విప్పుకుపోయారనుకుంటాడు. ధర చెబితే, విప్పుకుపోయినవాడు మీరేనా అన్నట్టు చూస్తాడు. ఉన్నవల్లా వెడల్పాటి గరుకు టైర్లు, ముందు షాకబ్జర్లు, గట్టి బ్రేకులు, వెనక చక్రానికి పళ్ళెమంత పళ్ళచక్రం. ఇక ఇది తిరిగే చోటును ట్రైల్ అంటారు గానీ, పేరు విని బెదరనక్కర్లేదు. ఒకచోట డొంక, ఇంకోచోట పుంత, మరోచోట బండ్ల బాట. మన పాలవాళ్ళు రెండేసి క్యాన్లు తగిలించుకుని, గేరన్నది లేని సైకిళ్ళ మీద తరాల తరబడి తొక్కింది ఈ దారుల్లోనే. వాళ్ళలో ఒక్కరూ దాన్ని ఫిట్‌నెస్ అనలేదు. పాలు పోయడం అన్నారు.

ఈ ఆట పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, టమల్‌పైస్ పర్వతం పరిసరాల్లో. 1976 అక్టోబరు 21న అక్కడి కుర్రాళ్ళు కొందరు ఒక నిటారు మట్టిదారిలో తొలి పందెం పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గరున్నవి చాలావరకు ముప్పైల, నలభైల నాటి ష్విన్ కంపెనీ బండ సైకిళ్ళు, బెలూనుల్లాంటి టైర్లవి. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటిది. కిందికొచ్చేసరికి ఆ హబ్బు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి పరుగుకూ మళ్ళీ గ్రీజు కూరాల్సిందే. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ ఆ ముఠాలో తర్వాత పేరు మోసినవాళ్ళు. ఈ కథలో మన వాదనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మొదట్లో ఈ వీరులు కొండెక్కింది సైకిలు తొక్కుతూ కాదు. సైకిళ్ళను ట్రక్కుల్లో వేసుకునో, నెట్టుకుంటూనో. అంటే వ్రతం మానేసి ప్రసాదం మాత్రం తిన్నారు. ఆ పాత చట్రాలకు గేర్లు అమర్చడం మొదలయ్యాకే ఎక్కడం కూడా సైకిలు మీదే సాధ్యమైంది, ఆటబొమ్మ కాస్తా వ్యాయామమైంది. తర్వాత ఇరవై ఏళ్ళకు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు పతకాలిచ్చారు. ఎక్కుడు తీసేసి దిగుడు ఒక్కటే పెట్టి ఉంటే నాబోటివాళ్ళు కూడా పేరిచ్చేవాళ్ళేమో.

సరే, తొక్కితే బరువు తగ్గుతుందా? ఇక్కడ నిజం చెప్పాలి, ఎందుకంటే సైకిలు దుకాణంలో చెప్పరు. మనిషీ సైకిలూ కలిపి వంద కిలోలనుకుందాం. ఆ బరువును వంద మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే శరీరం ఖర్చు పెట్టేది దాదాపు వంద కెలొరీలు. నిజానికి ఆ పనికి అందులో నాలుగోవంతు చాలు. మిగతా మూడొంతులూ ఒళ్ళు వేడెక్కడానికీ చొక్కా తడవడానికీ పోతాయి. మన శరీరం ప్రభుత్వ పథకంలాగే నడుస్తుంది. ఒక కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700 కెలొరీలు. అంటే కిలో కరగాలంటే 7,700 మీటర్లు ఎక్కాలి. ఎవరెస్టు ఎత్తు 8,849. శిఖరం కాస్త దూరంలో కనిపిస్తూ ఉండగా, ఒక్క కిలో తగ్గుతారన్నమాట, అదీ దారిలో ఏమీ తినకపోతే. మనం తింటాం. పదిహేను గ్రాముల నెయ్యిలో 135 కెలొరీలుంటాయి. గోల్కొండ కోట ఉన్న గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. కనుక దోశ మీద పడే ఒక పెద్ద చెంచాడు నెయ్యి దాదాపు ఒక గోల్కొండకు సమానం. ఆదివారం ఉదయం సైకిళ్ళు ఆగి ఉన్న టిఫిన్ సెంటరు ముందు నిలబడి చూడండి, లోపల ఎన్ని గోల్కొండలు కూలుతున్నాయో. వడ్డించేవాడు చెంచాతో ఆపడు, గరిటెతో పోస్తాడు. పాపం, అతనికి సైకిలువాళ్ళంటే అభిమానం.

ఇంత లెక్క చెప్పి మళ్ళీ సైకిలెక్కమంటావేమిటని అడగొచ్చు. బరువు వేరు, ఒళ్ళు కుదుటపడటం వేరు. బరువును తూకం చూసుకుంటుంది, దాని సంగతి వంటింట్లో తేలాలి. కొండ చూసేది గుండెనూ ఊపిరితిత్తులనూ తొడలనూ. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమో, 75 నిమిషాలు గట్టి శ్రమో తక్కువలో తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మట్టిదారి ఎక్కుడులో ఓ మోస్తరు అన్నదే ఉండదు. మొదటి గేరులో వేసినా గట్టి శ్రమే. ఆ చిన్న గేరును సైకిలు భాషలో గ్రానీ గేరంటారు, బామ్మగారి గేరని. మన బామ్మలు తిరుమల ఎక్కే తీరు చూసినవాడెవడూ ఆ పేరు పెట్టి ఉండడు. వారంలో రెండు ఉదయాలు తొక్కితే ఆ 75 నిమిషాలు పూర్తవుతాయి. ఈ శ్రమ అవసరమైనవాళ్ళు తక్కువేం లేరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలోని పెద్దవాళ్ళలో 39.5 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉందని తేల్చింది. మగవాళ్ళకు నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటితే, ఆడవాళ్ళకు 80 దాటితే ఆ జాబితాలో చేరినట్టే. దర్జీకి ఈ సంగతి ఐసీఎంఆర్ కంటే చాలా ముందే తెలుసు.

అయితే ఇవన్నీ రోడ్డు మీద తొక్కినా వస్తాయి కదా అంటారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేశారు, 2023లో తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు కూడా ఉంది. మంచి ట్రాకే, నాకేం పేచీ లేదు. కాకపోతే నున్నటి దారిలో కాళ్ళు పనిచేస్తుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది, ఖాళీ బుర్ర గడియారం వైపు చూస్తుంది, ఎంత తొక్కాం, ఇంకెంత తొక్కాలి అని లెక్కలు వేస్తుంది. ఎర్ర బటన్ పుట్టేది అక్కడే. రాళ్ళదారిలో ఆ తీరిక ఉండదు. నిటారు ఎక్కుడులో సీటు మీద వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ముందుకు వంగితే వెనక చక్రం పట్టు జారి ఉన్నచోటే మట్టిని తవ్వుతుంది. ఈ రెంటికీ మధ్య, సీటు కొసన, గడ్డం హ్యాండిలుకు తగులుతుందా అన్నట్టు వంగి, పెడలు వేగం తగ్గకుండా తొక్కాలి. దిగేటప్పుడు ఇంకో పరీక్ష. రెండు పెడళ్ళూ సమానంగా ఉంచి వాటి మీద లేచి నిలబడాలి, నడుము వెనక్కి జరపాలి, మోచేతులు వదులుగా ఉంచాలి, బ్రేకును ఒక్క వేలితో నిమరాలి. అన్నిటికంటే ముఖ్యం, రాయిని చూడకూడదు. ఏ రాయిని చూస్తే సైకిలు సరిగ్గా దాని మీదికే పోతుంది. రాళ్ళ మధ్య సందును చూడాలి. ఈ స్థితిలో ఉన్నవాడికి ఇంటి వాయిదా గుర్తురాదు, ఆఫీసు గుర్తురాదు, తను చేస్తున్నది వ్యాయామమన్న సంగతీ గుర్తురాదు. గుర్తొచ్చేసరికి నలభై నిమిషాలు గడిచిపోయి ఉంటాయి.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. కొండకు ఆఫ్ స్విచ్ లేదంటావు సరే, సగం ఎక్కి హ్యాండిలు తిప్పేస్తే పైసా ఖర్చు లేకుండా జారుకుంటూ ఇంటికి రావచ్చుగా? వచ్చు. ఈ లొసుగు కనిపెట్టినవాణ్ణి నేను మెచ్చుకుంటాను కూడా. దానికి మందు సింహాచలంలో ఉంది. ఆషాఢ పౌర్ణమి వేళ లక్షల మంది అక్కడ గిరిప్రదక్షిణ చేస్తారు, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. పదహారు దాటాక వెనక్కి తిరగడం కంటే ముందుకు నడవడమే దగ్గర, అందుకని నడుస్తారు. సైకిలుకూ వెళ్ళిన దారిన రాని దారి ఎంచుకోవాలి. అంతకంటే గడుసు ఉపాయం, ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు ఉన్న దారి పట్టడం. అది అచ్చం అప్పు చేసి పప్పుకూడు తినడమే. పోయేటప్పుడు గాలి మొహానికి కొడుతూ హాయిగా ఉంటుంది, వచ్చేటప్పుడు వడ్డీతో సహా కట్టాలి, ఇల్లు పైనుంది కనుక ఎగ్గొట్టే వీలు లేదు. అసలు బయల్దేరకుండానే ఉంటే? అవును, దానికి సంకల్పం కావాలి, అంతవరకు నా వాదన ఓడింది. కానీ లెక్క చూడండి. జిమ్ములో సంకల్పం నిమిషానికోసారి కావాలి, ఇక్కడ గడప దగ్గర ఒక్కసారి చాలు. ఆ ఒక్కసారి కూడా లేనివాళ్ళు, ఐదున్నరకు చెరువుకట్ట మీద కలుద్దామని ముందురాత్రే మరో ఇద్దరికి మాటివ్వాలి. సంకల్పం చేయలేని పని పరువు చేస్తుంది.

పడతారా? పడతారు. ఎక్కుడులో పడటం ప్రమాదం కంటే అవమానం ఎక్కువ. గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో వెళుతూ, ఒక వేరు అడ్డొచ్చి, మనిషి నరికిన చెట్టులా నిదానంగా ఒరుగుతాడు. మేకలు తప్ప సాక్షులుండవు, అవీ మనల్ని దాటి ముందుకు పోయి ఉంటాయి. దిగుడులో పడటం అలా కాదు. భుజం ఎముక విరగొచ్చు, తల తగలొచ్చు. హెల్మెట్ లేకుండా దిగేవాడితో నాకు వాదన లేదు, వాడి ఇంట్లోవాళ్ళ మీద సానుభూతి ఉంది. నలభై దాటి, చాలాకాలం కదలకుండా కూర్చున్నవాళ్ళు ముందు డాక్టరు చేత గుండె పరీక్ష చేయించుకోవడం పిరికితనం కాదు. మోకాళ్ళ మాటంటారా, బరువు సీటు మీద పడుతుంది కనుక కొండ దిగే నడక కంటే సైకిలే మోకాళ్ళకు నయం. సీటు ఎత్తు సరిగా ఉండాలి, అంతే. ఖరీదు అనేవాళ్ళకు ఒక్క మాట. సైకిలు బరువు అర కిలో తగ్గించుకోవడానికి వేలకు వేలు పోసేవాళ్ళున్నారు. కొండకు సైకిలు బరువూ పొట్ట బరువూ వేరువేరు ఖాతాలు కావు. రెండో ఖాతాలో అర కిలో తగ్గించడం ఉచితం, పైగా నెయ్యి ఆదా.

మన నేలకు సొంత చిక్కులు కొన్నున్నాయి. ఎర్ర నేల వాన వెలిసిన కాసేపటికి ఆరి, తొక్కనిస్తుంది. నల్లరేగడి అలా కాదు, చక్రానికీ ఫోర్కుకూ మధ్య పిండిముద్దలా పేరుకుని, పది గజాల్లో సైకిలును కదలకుండా చేస్తుంది. అప్పుడు సైకిలే మనిషి భుజమెక్కుతుంది. వానాకాలం రేగడి వైపు పోకపోవడమే దానికి పరిష్కారం. వీధి కుక్కలున్నాయి. వేరే దేశాల్లో ఉన్నట్టుండి వేగం పెంచి తగ్గించే శిక్షణకు కోచ్‌లకు డబ్బులిస్తారు, మన సందు చివర అది ఉచితం. ఇక ముళ్ళు. సర్కారు తుమ్మ ముల్లు సరే, దాన్ని కనీసం కంటితో చూడొచ్చు. పల్లేరు కాయ కనిపించదు. ఎటు పడినా ఒక ముల్లు పైకి ఉండేలా దాన్ని సృష్టించిన తెలివిని ఏమనాలో తెలియదు. మన వైపు ఖండాల నుంచే వలస వెళ్ళిన ఈ పల్లేరు అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనూ పాతుకుని, అక్కడి సైకిళ్ళ ట్యూబులు కూడా పొడుస్తోంది. పంక్చరు తీగ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు దానికి. విదేశాల్లో మనవాళ్ళు రాణించడం చూసి గర్వించే అలవాటున్నవాళ్ళు ఈ విషయంలో కూడా గర్వించవచ్చు.

కాబట్టి ఈ ఆదివారం బయల్దేరేవాళ్ళు ట్యూబొకటి, పంపొకటి, టైరు ఊడదీసే లివర్లు రెండు, లీటరు నీళ్ళు పెట్టుకోండి. హ్యాండిలుకు చవకబారు బెల్లయినా బిగించండి, పశువులు కాసేవాళ్ళు మీకోసం కొండ ఖాళీ చేసి పెట్టలేదు. చేలగట్ల మీద పైరుంటే దిగి నడవండి. రిజర్వు అడవి అయితే అనుమతి తీసుకోండి. వచ్చేటప్పుడు మాత్రం టిఫిన్ సెంటరు లేని వైపు దిగండి.