తాకట్టు వద్దు, తాళం చాలు!

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా అప్పుకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. అయినా వెల్డింగ్ షాపాయన బ్యాంకు గుమ్మం తొక్కడు. డైలీ ఫైనాన్సులో 9 వేలు పుచ్చుకుని, రోజుకో వంద చొప్పున 100 రోజులు కడతాడు. ఏడాదికి లెక్కేస్తే వడ్డీ సుమారు 80 శాతం! లెక్క రాక కాదు. బ్యాంకు చుట్టూ తిరిగినన్నాళ్లూ షాపుకు తాళం, పోయే గిరాకీ, చివర్లో ‘సిబిల్ స్కోరు లేదు’ అనే మాట... అన్నీ కూడుకునే డైలీ ఫైనాన్సుకు వెళ్లాడు. (అప్పే ఇవ్వకపోతే సిబిల్ ఎక్కణ్నుంచి వస్తుందో!) ‘ఎగ్గొడితే మా గతేమిటి?’ అంటారు మేనేజర్లు. ఆ నష్టంలో చాలా భాగం భరించడానికేగా 2000లో గ్యారంటీ నిధి పెట్టింది? అయ్యా, ఇవ్వదలచుకోకపోతే మొదటిరోజే కారణం కాగితం మీద రాసివ్వండి. వెళ్లి షాపు తెరుచుకుంటాడు.